మూగబోయిన ఫైళ్ళు: నాలుగు పాత ధ్వని రూపాలపై ఒక విమర్శ

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 1902 నవంబరులో కలకత్తాలో ఒకావిడ పాడిన పాటను ఈ రోజు మీరు వినగలరా? వినగలరు. ఆవిడ పేరు గౌహర్ జాన్. లండన్ నుంచి వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు ఆవిడ గొంతును రికార్డు చేశాడు. ఆ రికార్డుల్లో కొన్ని ఇప్పటికీ మోగుతున్నాయి.

సరే, ఇంకో ప్రశ్న. 1998లో అదే కలకత్తాలో ఒక ఇంటి కంప్యూటరులో దాచిన గొంతును ఈ రోజు వినగలరా? "అదేం ప్రశ్న? నూట ఇరవై ఏళ్ళ నాటిదే వినిపిస్తుంటే, నిన్న మొన్నటిది వినిపించదా?" అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక అట్టపెట్టె నా చేతికి వచ్చేదాకా.

పెట్టెలో పదకొండు ఫ్లాపీలు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. ఆ రైల్వేలో ఉద్యోగాలు చేసి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. నా మిత్రుడి కుటుంబం అలాంటిదే. వాళ్ళ నాన్నగారిని నేను బాబాయిగారు అని పిలుస్తాను. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. 1990ల చివర్లో చాందినీ మార్కెట్టులో విడిభాగాలు కొనుక్కుని తన కంప్యూటరును తానే బిగించుకున్న మనిషి ఆయన. అందులో ఒక సౌండు కార్డు, పక్కనే ఒక రేడియో కార్డు ఉండేవి.

కలకత్తా వెళ్ళినప్పుడు ఆయన్ని చూడటానికి వెళ్ళాను. ఆయన ఒక అట్టపెట్టె నా ముందు పెట్టి, "ఇందులో మా అమ్మ గొంతు ఉంది నాయనా. ఒక్కసారి వినిపించగలవేమో చూడు" అన్నారు. పెట్టెలో పదకొండు ఫ్లాపీలున్నాయి. వాటిలో ఏడు చదవడానికే రాలేదు. మిగిలిన నాలుగింటిలో నాలుగు ఫైళ్ళు దొరికాయి. నాలుగింటికీ నాలుగు వేర్వేరు తోక పేర్లు: వి.ఓ.సి., వి.ఓ.ఎక్స్., ఆర్.ఎ., ఆర్.ఎ.ఎం. ఈ తరం విద్యార్థుల్లో చాలామంది వీటిని చూసి కూడా ఉండరు.

పుస్తకాలకు, సినిమాలకు విమర్శలు రాస్తాం కదా! ఈ ఫైలు రూపాలకు కూడా ఒక విమర్శ రాయాలని నాకు ఆ రోజే అనిపించింది. ఎందుకంటే ఫైలు రూపం కూడా ఒక రచనే. దాన్ని ఎవరో కూర్చుని ఆలోచించి రాశారు. ఏది ముఖ్యం, ఏది వదిలేయవచ్చు, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అని నిర్ణయాలు చేశారు. ఆ నిర్ణయాల ఫలితాన్ని పాతికేళ్ళ తర్వాత ఒక ముసలాయన అనుభవిస్తున్నాడు. కాబట్టి వాటిని పరీక్షించే హక్కు మనకుంది.

రేడియో కార్డు చేసే పని

ముందు ఈ కార్డు సంగతి తెలుసుకుందాం. పేరు విని, రేడియో తరంగాలను కంప్యూటరు నేరుగా అంకెలుగా మార్చేస్తుందని అనుకోకండి. కార్డు మీద ఉండేది మామూలు రేడియోలో ఉండే ట్యూనరే. మరి కంప్యూటరు చేసేదేమిటి? "ఫలానా స్టేషను పెట్టు" అని ఆ ట్యూనరుకు ఆజ్ఞ ఇవ్వడం, అంతే. ట్యూనరు నుంచి వచ్చే ధ్వని సంకేతం ఒక చిన్న తీగ ద్వారా సౌండు కార్డులోకి వెళుతుంది. అసలు పని జరిగేది అక్కడే.

సౌండు కార్డు ఆ సంకేతాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా రాస్తుంది. ఒక్కొక్క కొలతను ఒక నమూనా అంటారు. సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తామో, అందులో సగం పౌనఃపున్యం వరకే ధ్వని నిలుస్తుంది. ఇది నైక్విస్ట్ సూత్రం. 1989లో వచ్చిన మొదటి సౌండ్ బ్లాస్టర్ కార్డు రికార్డు చేసేటప్పుడు సెకనుకు దాదాపు 12,000 నమూనాలు మాత్రమే తీయగలిగేది. అంటే 6,000 హెర్ట్జ్ దాటిన ధ్వని పోయినట్టే. ఎఫ్.ఎం. ప్రసారంలో 15,000 హెర్ట్జ్ దాకా ధ్వని వస్తుంది. సగానికి పైగా గుమ్మం దగ్గరే ఆగిపోయిందన్నమాట.

ఇక చోటు సంగతి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఫైళ్ళకు మిగిలేది 14,57,664 బైట్లు. సెకనుకు 8,000 నమూనాలు, నమూనాకు ఒక బైటు చొప్పున లెక్కవేస్తే అందులో పట్టేది సుమారు 3 నిమిషాలు. విచిత్రం ఏమిటంటే, గ్రామఫోను రోజుల్లో పది అంగుళాల రికార్డులో ఒక పక్కన పట్టింది కూడా దాదాపు అంతే! తొంభై ఏళ్ళ తర్వాత మనం మళ్ళీ ఆ 3 నిమిషాల దగ్గరికే వచ్చాం. ఈ ఇరుకును గుర్తుపెట్టుకోండి. నాలుగు రూపాలూ ఈ ఇరుకులో పుట్టినవే.

మొదటి ఫైలు: తన పేరు తాను చెప్పుకునేది

మొదటి ఫ్లాపీ మీద బాబాయిగారు "మహాలయ" అని రాసుకున్నారు. బెంగాలులో మహాలయ నాటి తెల్లవారుజామున 4 గంటలకు రేడియో పెట్టని ఇల్లు అరుదు. 1930ల ఆరంభం నుంచి ఆకాశవాణి కలకత్తా కేంద్రం ప్రసారం చేస్తున్న మహిషాసురమర్దిని కార్యక్రమం అది. రచన బాణీకుమార్, సంగీతం పంకజ్ మల్లిక్, పఠనం బీరేంద్ర కృష్ణ భద్ర. 1976లో దాని స్థానంలో సినీ నటుడు ఉత్తమ్ కుమార్ పాల్గొన్న కొత్త కార్యక్రమం వేస్తే శ్రోతలు ఒప్పుకోలేదు. పాతదాన్నే మళ్ళీ తీసుకురావలసి వచ్చింది. అంటే అక్కడి జనానికి ఆ గొంతే పండుగ.

ఈ ఫైలు రూపం వి.ఓ.సి. సౌండ్ బ్లాస్టర్ కార్డులు తయారుచేసిన క్రియేటివ్ కంపెనీది. దీన్ని తెరిచి బైట్లను చూస్తే మొదటి 19 బైట్లలో "క్రియేటివ్ వాయిస్ ఫైల్" అని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. ఆ వెంటనే 26 అనే సంఖ్య. ఎందుకంటారా? పాత డాస్ వ్యవస్థలో 'టైప్' ఆజ్ఞతో ఏదైనా ఫైలును తెరమీద చూపించమంటే, 26 కనబడగానే అది ఆగిపోయేది. అంటే తెలియక ఫైలు తెరిచినవాడికి దాని పేరు కనబడుతుంది, ఆ తర్వాతి గందరగోళం కనబడదు. ఎంత మర్యాద! తలుపు తట్టగానే "నేను ఫలానా" అని చెప్పే అతిథిలాంటి ఫైలు ఇది. ఈ రూపం వివరాలు ప్రోగ్రాములు రాసేవాళ్ళకు అందుబాటులో ఉండేవి. అందుకే ఇప్పటి ఉచిత సాఫ్ట్‌వేరుతో అది ఇబ్బంది లేకుండా తెరుచుకుంది.

మరి లోపాలు లేవా? ఉన్నాయి. నమూనాల వేగాన్ని రాయడానికి ఈ రూపం పాత పద్ధతిలో ఒకే ఒక బైటు కేటాయించింది. సూత్రం ఇది: పదిలక్షలను వేగంతో భాగించి, వచ్చినదాన్ని 256 లోంచి తీసేయాలి. 8,000కు వేసి చూడండి. 10,00,000 ÷ 8,000 = 125. 256 − 125 = 131. లెక్క సరిగ్గా కుదిరింది. ఇప్పుడు 11,025కు వేయండి. భాగఫలం 90.7. బైటులో దశాంశాలు పట్టవు, కాబట్టి 91 అని సర్దుకోవాలి. 256 − 91 = 165 అని రాస్తాం. చదివేటప్పుడు 10,00,000 ÷ 91 = 10,989 వస్తుంది. మనం అనుకున్నది 11,025, ఫైలు చెప్పేది 10,989. తేడా నూటికి 0.33 మాత్రమే. చెవికి తెలియదు. కానీ గంటన్నర కార్యక్రమంలో అది సుమారు 18 సెకన్ల తేడా అవుతుంది. ఒక బైటు పొదుపు చేసినందుకు కాలమే కొంచెం సాగింది!

రెండో లోపం ఇంకా ఆసక్తికరమైనది. ఈ రూపంలో నిశ్శబ్దానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉంది. ధ్వని లేనిచోట వరసగా నమూనాలు రాయకుండా "ఇక్కడ ఇంతసేపు నిశ్శబ్దం" అని ఒక్క ముక్క రాస్తే చాలు. దాదాపు 6 సెకన్ల నిశ్శబ్దానికి 65 వేల పైచిలుకు బైట్ల బదులు 7 బైట్లు సరిపోతాయి. ఇరుకులో బతికే తెలివితేటలివి, మెచ్చుకోవలసిందే. బాబాయిగారు కూడా చోటు మిగులుతుందని ఆ ఏర్పాటును వాడుకున్నారు. ఫలితం విన్నాను. కార్యక్రమం శంఖధ్వనితో మొదలవుతుంది. శంఖం ఆగిన తర్వాత మెల్లగా కరిగిపోవలసిన ఆ చివరి నాదం ఉన్నట్టుండి తెగిపోయింది. తలుపు మూసేసినట్టు పూర్తి సున్నా. యంత్రానికి చిన్న ధ్వని, ధ్వని లేకపోవడం ఒకటే. మనిషికి ఆ రెండూ ఒకటి కావు. ఏది నిశ్శబ్దమో నిర్ణయించడం లెక్క కాదు, అభిరుచి. ఆ నిర్ణయాన్ని ఒక గీటురాయి సంఖ్యకు వదిలేయడమే పొరపాటు.

ఇంతకూ ఫ్లాపీలో ఎంతసేపు ఉంది? 2 నిమిషాల 12 సెకన్లు. ఈ లెక్కన గంటన్నర కార్యక్రమానికి 41 ఫ్లాపీలు కావాలి. బాబాయిగారు ఒక్కటే కొన్నారు.

రెండవ ఫైలు: పేరు చెప్పనిది

రెండవ ఫ్లాపీ మీద "అమ్మ, ఫోను" అని ఉంది. ఆయన తల్లిగారు రాజమండ్రిలో ఉండేవారు. ఆవిడను మనవడు, అంటే నా మిత్రుడు, మామ్మ అనేవాడు. ఒక బంధువు పనిచేసే ఆఫీసులో ఫోను మాటలను రికార్డు చేసే కార్డు ఒకటి కంప్యూటరులో ఉండేదట. ఒకసారి మామ్మ అక్కడికి ఫోను చేసినప్పుడు ఆవిడ మాటలు అందులో పడ్డాయి. ఆ ఫైలు వి.ఓ.ఎక్స్. రూపంలో ఉంది. పరిమాణం 66,000 బైట్లు.

టెలిఫోను కార్డుల ప్రపంచంలో పుట్టిన రూపం ఇది. చోటు ఆదా చేయడానికి ఒక చక్కని ఉపాయం వాడుతుంది. ప్రతి నమూనానూ పూర్తిగా రాయదు. క్రితం నమూనాకు, దీనికి మధ్య తేడా ఎంతో మాత్రం నాలుగు బిట్లలో రాస్తుంది. మెట్లెక్కే మనిషి ఎత్తును సముద్రమట్టం నుంచి కొలవకుండా "ఇంకో రెండు మెట్లు పైకి, ఒక మెట్టు కిందికి" అని చెప్పడం లాంటిదిది. ధ్వని పెద్దదైతే మెట్టు ఎత్తు దానంతట అదే పెరుగుతుంది, చిన్నదైతే తగ్గుతుంది. మామూలుగా 12 బిట్లు కావలసినచోట 4 బిట్లతో పని అయిపోతుంది. ఇంజనీరింగు దృష్టిలో అందమైన పని.

కానీ ఈ ఫైలుకు శీర్షిక లేదు. మొదటి బైటు నుంచే ధ్వని మొదలవుతుంది. నేనెవరు, నా వేగం ఎంత, నన్ను ఎలా చదవాలి, ఏమీ చెప్పదు. ఇది వాడే యంత్రాల్లో వేగం 6,000 కావచ్చు, 8,000 కావచ్చు. ఆ సంగతి కార్డును అమర్చినవాడికి తెలుసు, ఫైలుకు తెలియదు. ఆ కార్డు పోయింది, అమర్చినవాడూ పోయాడు.

నేను ముందు 8,000 వేగంతో వినిపించాను. 16 సెకన్లపాటు ఎవరో చిన్నపిల్ల గబగబా మాట్లాడినట్టు వినిపించింది. బాబాయిగారు తల అడ్డంగా ఊపారు. "కాదు. ఇది మా అమ్మ కాదు." 6,000కు మార్చాను. మాటలు నెమ్మదించాయి. 22 సెకన్లు. ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఆఁ, ఇదే" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సంగీతం నేర్చుకునేవాళ్ళకు ఒక మాట. 8,000ను 6,000తో భాగిస్తే 4/3 వస్తుంది. అది షడ్జమానికి, శుద్ధ మధ్యమానికి మధ్య ఉన్న నిష్పత్తి. అంటే తప్పు వేగంతో వింటే మామ్మ గొంతు 'స' నుంచి 'మ'కు ఎక్కి కూర్చుంది! అందుకే అది పిల్ల గొంతులా వినిపించింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. సరైన వేగం ఏదో మాకు ఎలా తెలిసింది? ఫైలు చెప్పలేదు. కొడుకు జ్ఞాపకం చెప్పింది. మామ్మ గొంతు విన్నవాళ్ళు లేని రోజున ఈ ఫైలు దొరికి ఉంటే? పరాయివాడెవడో పిల్ల గొంతును విని, ఇదే ఆవిడ గొంతు అనుకునేవాడు.

అయినా నేను భౌతికశాస్త్రం చదువుకున్నవాణ్ణి కదా, జ్ఞాపకం ఒక్కదాని మీదే ఆధారపడటం ఇష్టం లేకపోయింది. మాటల వెనక సన్నగా ఒక "గుంయ్" ఉంది. మన దేశంలో కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. కంప్యూటరు లోపలి తీగల్లోకి ఆ కంపనం చొరబడి రికార్డులో చేరుతుంటుంది. ఆ గుంయ్‌ను కొలిచాను. 8,000 వేగంతో చదివితే అది 67 హెర్ట్జ్ దగ్గర కనబడింది. అలాంటి కరెంటు మన దేశంలో లేదు. 6,000 వేగంతో చదివితే సరిగ్గా 50 దగ్గర నిలబడింది. కొడుకు చెవి, కరెంటు తీగ ఒకే మాట చెప్పాయి. ఫైలును రూపొందించినవారు రాయని శీర్షికను ఒక లోపం రాసిపెట్టిందన్నమాట. కానీ ప్రతిసారీ ఇలాంటి అదృష్టం ఉంటుందని నమ్మకం లేదు.

మూడవ ఫైలు: తాళం వేసుకున్నది

మూడవది ఆర్.ఎ., అంటే రియల్ ఆడియో. 1995లో ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ అనే అమెరికా కంపెనీ దీన్ని విడుదల చేసింది. టెలిఫోను తీగ మీద, నత్తనడక మోడెం మీద, దిగుమతి పూర్తయ్యేదాకా ఆగకుండా ధ్వని వినిపించిన తొలి ప్రయత్నాల్లో ప్రముఖమైనది ఇది. ఈ మేలును తక్కువగా చూడకూడదు. దూరదేశంలో ఉన్న తెలుగువాడు మన రేడియోను ఇంటర్నెట్టులో వినే రోజులు ఇలాంటి రూపాలతోనే మొదలయ్యాయి.

దీని మొదటి రూపంలో సెకను మాటకు 1,000 బైట్లు చాలు. మొదటి ఫైలుతో పోలిస్తే పదకొండో వంతు! ఫ్లాపీలో 24 నిమిషాలు పడతాయి. ఇదెలా సాధ్యం? ఇది ధ్వని తరంగాన్ని యథాతథంగా రాయదు. మనిషి గొంతుక, నోరు, నాలుక ధ్వనిని ఎలా మలుస్తాయో దానికొక నమూనా పెట్టుకుంటుంది. "గొంతును ఇలా పెట్టు, ఈ కంపనంతో ఊదు" అని సూచనలు మాత్రం పంపుతుంది. వండిన పులిహోర పంపకుండా వండే పద్ధతి రాసి పంపినట్టు.

అందుకే మాటలకు ఇది బాగుంటుంది, సంగీతానికి బాగుండదు. వీణ తీగకు గొంతుక ఉండదు కదా! బాబాయిగారి ఫైలులో ఒక ప్రసంగం స్పష్టంగానే వినిపించింది. చివర్లో వచ్చిన సితారు మాత్రం నీళ్ళలో మునిగి మోగినట్టుంది.

ఈ రూపం మీద నా అసలు ఫిర్యాదు నాణ్యత గురించి కాదు, రహస్యం గురించి. సూచనలను మళ్ళీ ధ్వనిగా మార్చే పద్ధతిని కంపెనీ బహిరంగంగా ప్రచురించలేదు. వంట పద్ధతి మన చేతిలో ఉంది గానీ అది రాసిన లిపి కంపెనీకే తెలుసు. ఈ రోజు మనం ఆ ఫైళ్ళను తెరవగలుగుతున్నామంటే, స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు ఆ పాత సాఫ్ట్‌వేరును విప్పి చూసి, లిపిని తామే కనిపెట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత సాధనాల్లో చేర్చడం వల్లనే. పురాతన శాసనాలను చదివినవారి ఓపిక వాళ్ళది. కానీ ఆలోచించండి: ఆ లిపి వేల ఏళ్ళ నాటిది కాదు, నిన్నటిది. రాసినవాళ్ళు బతికుండగానే దాన్ని శాసనంలా చదవవలసి రావడం విజ్ఞానానికి గౌరవం కాదు.

నాలుగవ ఫైలు: చిరునామా మాత్రమే

నాలుగవ ఫ్లాపీ మీద "అమ్మ పాట" అని ఉంది. బాబాయిగారు అన్నిటికన్నా ఎక్కువగా ఆశపెట్టుకున్నది దీని మీదే. మామ్మ ఒకసారి కలకత్తా వచ్చినప్పుడు పాడిన మంగళహారతిని ఒక బంధువు రికార్డు చేసి, ఇంటర్నెట్టులో ఎక్కడో పెట్టాడట. బాబాయిగారు దాన్ని తన కంప్యూటరులో విని, భద్రంగా ఫ్లాపీలోకి ఎక్కించుకున్నారు. పాతికేళ్ళుగా ఆ ఫ్లాపీని బీరువాలో దాచారు.

ఫైలు పరిమాణం చూశాను. 61 బైట్లు.

తెరవక ముందే నాకు అర్థమైంది. ఆర్.ఎ.ఎం. ఫైలులో ధ్వని ఉండదు. పాట ఏ కంప్యూటరులో ఉందో ఆ చిరునామా ఒక్క వరసలో ఉంటుంది, అంతే. దాన్ని తెరిస్తే ప్లేయరు ఆ చిరునామాకు వెళ్ళి పాట తెచ్చి వినిపిస్తుంది. ఇంటర్నెట్టు ఉన్నప్పుడు విన్నవాడికి పాట తన దగ్గరే ఉందనిపిస్తుంది. ఆ చిరునామాలో ఇప్పుడు ఏమీ లేదు. ఆయన ఇన్నేళ్ళూ దాచుకున్నది ఉత్తరం కాదు, ఖాళీ కవరు.

ఆ మాట ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు. మిత్రుడే చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకుని, "పోనీలే, ఫోనులో మాట్లాడింది దొరికిందిగా" అన్నారు.

సాంకేతికంగా ఈ రూపంలో తప్పు లేదు. చిరునామా చెప్పడం దాని పని, అది చేసింది. తప్పు ఎక్కడంటే, పాట ఫైలుకు, చిరునామా ఫైలుకు పేరులో తేడా ఒక్క అక్షరం. వాడేవాడికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. సొంతదారుకూ చూసిపోయేవాడికీ తేడా తెలియనివ్వని రూపం ఎంత సొగసుగా ఉన్నా మంచిది కాదు.

కలకత్తాకు ఇది కొత్త కాదు

"పాత గ్రామఫోనులే నయం" అని మీరు అనబోతున్నారేమో! తొందరపడకండి. కలకత్తా చరిత్రే దానికి జవాబు చెబుతుంది.

1900ల మొదట్లో అక్కడ హేమేంద్రమోహన్ బోస్ అనే వ్యాపారి ఉండేవారు. కుంతలీన్ తల నూనెతో పేరు సంపాదించిన ఆయన మైనపు సిలిండర్ల మీద గొంతులను రికార్డు చేసి అమ్మారు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతు కూడా ఆయన సిలిండర్లకెక్కింది. కానీ మార్కెట్టులో గుండ్రటి పళ్ళాలు గెలిచాయి, సిలిండర్లు ఓడాయి. బోస్ తన రికార్డింగులను ఫ్రాన్సుకు చెందిన పాథే కంపెనీ ద్వారా పళ్ళాలుగా మార్పించారు. అయితే పాథే పళ్ళాల్లో సూది పక్కలకు ఊగదు, పైకీ కిందికీ ఊగుతుంది. మామూలు గ్రామఫోను మీద అవి సరిగా మోగవు. చివరికి ఆ రూపమూ పోయింది. ఆ సిలిండర్లలో మిగిలినవి బహు కొద్ది. చూశారా? కంప్యూటరు పుట్టకముందే కలకత్తాలో రూపాల యుద్ధంలో గొంతులు బలయ్యాయి.

గౌహర్ జాన్ రికార్డులు కూడా లోపం లేనివి కావు. 78 చుట్ల వేగం ప్రమాణంగా స్థిరపడింది 1920లలో. 1902 నాటి పళ్ళెం నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో దాని మీద రాసి లేదు. మామ్మ ఫోను ఫైలు సమస్య ఇక్కడా ఉందన్నమాట! అయితే గౌహర్ జాన్ ఒక పని చేశారు. పాట ముగించి, చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేవారు. మైనపు అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి అక్కడ రికార్డులుగా తయారయ్యేవి. అక్కడివాళ్ళకు ఎవరి పాటో తెలియడానికే ఈ ఏర్పాటు అంటారు. శీర్షికను ధ్వనిలోనే పెట్టారావిడ. పళ్ళెం మీది కాగితం చిరిగినా, పెట్టె పోయినా, ఆ పేరు పోదు. ఆ విషయంలో మా వి.ఓ.ఎక్స్. ఫైలు కన్నా 1902 నాటి గాయని తెలివైనది.

గ్రామఫోను పళ్ళానికి ఇంకో సుగుణం ఉంది. దాని రహస్యం కంటికి కనబడుతుంది. గాడి ఉంది, అది వంకరగా ఉంది, సూది పెడితే కదులుతుంది. ఎవరూ చెప్పకపోయినా తెలివైన విద్యార్థి ఊహించగలడు. ఫైలులోని అంకెలు అలా కావు. చదివే పద్ధతి చెప్పకపోతే అవి ఇసుకరేణువులే. కాబట్టి గ్రామఫోను కంపెనీ ఊరుకున్నా ఫర్వాలేదు గానీ, ఫైలు రూపం తయారుచేసేవాడు చెప్పి తీరాలి. ఇదీ నా వాదనలోని ముఖ్యాంశం.

తీర్పు

ఒక ధ్వని రూపాన్ని పరీక్షించడానికి మూడు ప్రశ్నలు చాలు. ఒకటి, అది తన పేరు, తన వేగం తానే చెబుతుందా? రెండు, దాన్ని చదివే పద్ధతి అందరికీ తెలుసా? మూడు, ధ్వని దానిలోనే ఉందా, ఇంకెక్కడో ఉందా?

వి.ఓ.సి. మూడింటిలోనూ నెగ్గింది. లెక్కలో చిన్న పొరపాటు, నిశ్శబ్దం విషయంలో తొందరపాటు ఉన్నా, నిజాయితీ గల రూపం. వి.ఓ.ఎక్స్. మొదటి ప్రశ్నలో ఓడింది. రియల్ ఆడియో రెండవదానిలో ఓడింది. ఆర్.ఎ.ఎం. మూడవదానిలో ఓడింది. గమనించారా, ఏదీ ధ్వని నాణ్యత వల్ల ఓడలేదు! నాసిగా ఉన్న గొంతునైనా కొడుకు గుర్తుపడతాడు. అసలు వినబడని గొంతును ఎవరు గుర్తుపడతారు?

"అంత ఇరుకులో అంతకన్నా ఏం చేయగలరు?" అని వాదించేవారున్నారు. శీర్షిక వేయడానికి కావలసింది ఇరవై ముప్ఫై బైట్లు. పద్ధతిని ప్రచురించడానికి ఫైలులో ఒక్క బైటు కూడా అక్కరలేదు. ఇరుకు వల్ల నాణ్యత తగ్గిందంటే ఒప్పుకుంటాను. మౌనానికి మాత్రం ఇరుకు కారణం కాదు.

ఇప్పటి పరిస్థితి కొంత మెరుగు. 1991లో వచ్చిన వేవ్ రూపం వివరాలు అందరికీ తెలిసినవే. భాండాగారాలు ఇప్పటికీ దాని మీదే ఆధారపడుతున్నాయి. 2001లో వచ్చిన ఫ్లాక్ రూపం ఒక్క నమూనా కూడా పోకుండా ఫైలును చిన్నది చేస్తుంది. దాని పద్ధతి 2024లో బహిరంగ ప్రమాణంగా ప్రచురితమైంది. కలకత్తాలోనే జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్‌లో హిందుస్థానీ సంగీతపు పాత రికార్డులను అంకెల్లోకి మార్చి భద్రపరిచే పని జరిగింది. కానీ అక్కడ చేరేది విద్వాంసుల సంగీతం. మీ మామ్మ, మీ తాతయ్య గొంతుకు భాండాగారం మీరే.

మీరేం చేయాలి?

ఇంట్లో పెద్దవాళ్ళ మాట, పాట, పొడుపు కథ మీ ఫోనులో రికార్డు చేసే ఉంటారు. ఒకసారి తెరిచి ఈ మూడు ప్రశ్నలూ వేయండి. ఆ ఫైలు నిజంగా మీ దగ్గర ఉందా, లేక ఎవరో పంపిన లింకు మాత్రమే ఉందా? లింకయితే అది ఈ కాలపు ఆర్.ఎ.ఎం. అని గుర్తించి, ఈ రోజే ఫైలును దించుకోండి. ఒకే ఒక్క యాప్‌లో తప్ప తెరుచుకోకపోతే వేవ్‌లోకో ఫ్లాక్‌లోకో మార్చి ఇంకో ప్రతి ఉంచుకోండి. రెండు వేర్వేరు చోట్ల దాచండి.

చివరగా, ఖర్చు లేని పని ఒకటి. రికార్డు చేసేటప్పుడు మొదట్లోనో చివరనో "నా పేరు ఫలానా, ఈ ఊళ్ళో, ఈ తేదీన మాట్లాడుతున్నాను" అని వాళ్ళచేతే చెప్పించండి. గౌహర్ జాన్ నేర్పిన శీర్షిక అది. ఏ రూపం మారినా, ఏ కంపెనీ మూతపడినా, ధ్వని ఉన్నంతకాలం ఆ శీర్షిక ఉంటుంది.

నేను గార్డెన్ రీచ్ నుంచి బయలుదేరే ముందు ఆ 22 సెకన్లను వేవ్ రూపంలోకి మార్చి బాబాయిగారి ఫోనులో పెట్టాను. మళ్ళీ విన్నారు. అందులో మామ్మ పెద్ద విషయమేమీ చెప్పలేదు. ఆవకాయ జాడీ రైల్లో పంపానని, అందిందో లేదో కబురు చేయమని, అంతే. "అందిందమ్మా" అన్నారాయన, ఫోనుతో.